కోపానికి కొరికే చేప

మా ఫ్లాట్‌లో వాషింగ్ మెషీన్ పైన ఉన్న అరలో ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. మూత తీస్తే లోపల చిన్న చిన్న గదులు, గదికొక బొమ్మ చేప. వెండి రంగువి, ఆకుపచ్చవి, పొట్ట కింద నారింజ చారలున్నవి, మూతి చెంచాలా బయటికి పొడుచుకొచ్చినవి, రబ్బరుతో చేసిన మెత్తటి పురుగులు. దాదాపు అన్నిటి కిందా గాలాలు వేలాడుతుంటాయి. కొత్తవాళ్ళు చూస్తే చిన్నపిల్లల ఆటసామాను అనుకుంటారు. అవి మా ఆయన లూర్లు. లూర్ అంటే ప్రాణం లేని ఎర. మేం వచ్చి స్థిరపడిన ఈ పరాయి దేశపు రిజర్వాయర్లలో వానపాముల్నీ రొయ్యల్నీ గాలానికి గుచ్చడానికి వీల్లేదు, అవి జనం తాగే నీళ్ళు. బొమ్మ చేపని చూపించి అసలు చేపని పట్టుకోవాలి.

ఆ రూలు మొదటిసారి విన్నప్పుడు మా ఆయన పగలబడి నవ్వారు. ఆయనది గోదావరి జిల్లా. నిక్కర్ల వయసు నుంచీ కాలవ గట్టు మీద కూర్చుని ఎర్రలు గుచ్చి చేపలు పట్టిన మనిషి. బొమ్మని చూసి మోసపోయేంత వెర్రి చేపలు కూడా ఉంటాయా అని కనపడినవాళ్ళందరినీ అడిగారు. ఏడాది తిరక్కుండా ఆ బొమ్మల పిచ్చి ఆయనకే పట్టింది. వారమంతా జురాంగ్ ఐలాండ్‌లో నూనె ఫ్యాక్టరీల పైపులూ వాల్వులూ చూసుకునేవారు. ఆదివారం వచ్చిందంటే మాత్రం మేం ఉండే చోవా చూ కాంగ్‌లో మొదటి బస్సు ఎక్కేసి రిజర్వాయర్ దగ్గర తేలేవారు. పోనీ పులుసుకి చేప తెచ్చేవారా అంటే అదీ లేదు. పట్టడం, చూసుకోవడం, వదిలెయ్యడం. ఇంతోటి దానికి నిద్ర చెడగొట్టుకోవడం దేనికని నేను సాధించేదాన్ని. చివరికి ఒక ఆదివారం, ఈయన వెళ్తున్నది నిజంగా చేపల కోసమేనా, ఇంకెందుకైనానా తేల్చుకుందామని వెంట వెళ్ళాను. వెళ్ళినదాన్ని ఇక మానలేదు.

ఆ తెల్లవారుఝాములు నాకిప్పుడు కలలో చూసినట్టే ఉంటాయి. బస్సు దిగి నిద్రగన్నేరు చెట్ల కింద నుంచి నడిచి వెళ్తే, ముందు నీళ్ళు కనపడేవే కావు. తెల్లటి మంచు ఒక్కటే ఉండేది. ఎదుటి ఒడ్డున అడవి ఉందో లేదో తెలిసేది కాదు. మంచు లోపల నీటికుక్కలు దొర్లుతున్న చప్పుడు, ఎక్కడో ఒక కోయిల, దూరంగా ఎవరిదో సైకిలు గంట. వెలుగు వచ్చేకొద్దీ నీళ్ళు ముక్కలు ముక్కలుగా బయటపడేవి. ముందు మా కాళ్ళ దగ్గర కాస్త, తర్వాత తామరాకులున్న మూల, ఆఖరికి ఆకాశం మొత్తం అందులో. నేను చెప్పులు విప్పి రాతి గట్టు మీద కూర్చునేదాన్ని. మెలకువగా ఉన్నానో, కూర్చునే నిద్రపోతున్నానో ఒక్కోసారి నాకే తెలిసేది కాదు. ఇంట్లో గంటకోసారి గొంతు లేచే నాకు అక్కడ మాట్లాడాలనే అనిపించేది కాదు.

లూర్ ఎంచుకోవడం మా ఆయనకి ఒక పూజ. రాగానే పెట్టె తెరిచేవారు కాదు. నీళ్ళ అంచున గొంతుక్కూర్చుని, కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచి, తన ఉంగరం వంక చూసుకునేవారు. ఉంగరం మీది గీతలు కూడా కనిపిస్తే నీళ్ళు తేటగా ఉన్నట్టు. అప్పుడు వెండి రంగు సన్న చేప. ఉంగరం మసకగా ఉంటే పసుపో, నారింజో. ముందురోజు వాన పడి ఉంగరం బొత్తిగా కనిపించకపోతే, కంటికి ఆనేది కాదు చెవికి వినపడేది కావాలని, లోపల గోళీలు గలగలలాడే లావుపాటిది తీసేవారు. తర్వాత గాలి చూసేవారు. నీళ్ళు కదలకుండా నిలబడి ఉంటే పైన తేలుతూ బుడుంగు బుడుంగుమనేది, ఎండెక్కితే లోతుకి దిగేది, నాచు ఉన్నచోట రబ్బరు పురుగు. అన్నీ అయ్యాక అప్పుడు పెట్టె తెరిచి, గదులన్నిటి మీదా వేలు ఆడించి, ఒకదాన్ని పైకి తీసేవారు. ముడి బిగించే ముందు దారాన్ని పెదాల మధ్య పెట్టి తడిపేవారు. పొడి దారానికి ముడి నిలవదట. ఆ ముడి నాకూ నేర్పారు.

నాకు ఈ ఆర్భాటం నచ్చేది కాదు. చేప చేపే. ఎర్రటిదేదో కట్టి పడేస్తే అదే వచ్చి చస్తుంది అనేదాన్ని. అప్పుడు చెప్పారు తను వెంటపడుతున్న చేప గురించి. దాన్ని పీకాక్ బాస్ అంటారు. బంగారు రంగు ఒళ్ళు, అడ్డంగా నల్ల చారలు, తోక దగ్గర నెమలికన్ను. ఎక్కడిదో దూరదేశపు చేప. ఎవరో తెచ్చి వదిలితే మనలాగే ఇక్కడే కాపురం పెట్టి స్థిరపడిపోయింది. దానికి ఆకలి కన్నా కోపం ఎక్కువట. తన చోట్లోకి, తన పిల్లల దగ్గరికి ఎవరొచ్చినా ఊరుకోదట.

"చేపకి నచ్చేది కట్టకూడదోయ్," అన్నారు. "దానికి ఒళ్ళు మండేది కట్టాలి."

ఇంత జ్ఞానం ఎక్కడ సంపాదించారని అడిగితే, నిన్ను చూసే నేర్చుకున్నానన్నారు. ఆ రోజు ఫ్లాస్కులో కాఫీ మొత్తం నేనే తాగేశాను.

ఆ మాట మనసులో పెట్టుకునే, ఆయన పుట్టినరోజుకి ఒక లూర్ కొన్నాను. చేపల సామాను అమ్మే దుకాణంలో, ఉన్నవాటన్నిటిలోకీ భయంకరమైనది ఏరి మరీ కొన్నాను. ఎర్రటి ఒళ్ళు, బంగారు చుక్కలు, తళుకు కళ్ళు, తోకకి ఎర్ర ఈకల కుచ్చు. నా పెళ్ళి పట్టుచీర రంగు. మా ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఇది చేపకా పెళ్ళికూతురికా అని అడిగారు. పెట్టెలో మూల గదిలో పడేశారు. ఒక్కనాడు కట్టలేదు. వాన వచ్చినా, వరద వచ్చినా, నీళ్ళు బురదయినా దానికి రోజు రాలేదు. నేను ప్రతిసారీ గుర్తుచేసేదాన్ని. ఆయన ప్రతిసారీ ఆ గది మీద నుంచి వేలు దాటించేవారు. కాపురంలో పోట్లాడుకోవడానికి ఒక వస్తువంటూ ఉండాలి. మాకు అది ఉండేది.

ఇక్కడ మా పిలుపుల సంగతి చెప్పాలి. మా అత్తగారి వైపు మగవాళ్ళు భార్యని పేరుపెట్టి పిలవరు. ఇప్పటి పిల్లలకి నవ్వొస్తుంది గాని, మా ఆయన నోటి నుంచి నా పేరు నేను ఎప్పుడూ వినలేదు. ఎయిర్‌పోర్టు కౌంటర్లో నా పేరు అడిగితే నా పాస్‌పోర్టు ముందుకి తోసేవారే తప్ప పలికేవారు కాదు. ఆయనకి నేను 'ఏమోయ్'. అంతే. కళ్ళజోడు కనపడకపోతే ఒక ఏమోయ్, కాఫీ కావాలంటే ఒకటి, టీవీలో ఏదో వింత కనపడితే ఒకటి, ఊరికే నేను ఇంట్లో ఉన్నానో లేదో చూసుకోవడానికి ఒకటి. ఏది ఏదో వంటింట్లోంచే పోల్చుకునేదాన్ని. అన్నిటికన్నా పెద్దది రిజర్వాయర్ దగ్గర వచ్చేది. రాడ్ వంగి, రీలు గిర్రున తిరుగుతుంటే, వెనక్కి తిరక్కుండానే "ఏమోయ్, వల!" అని కేక పెట్టేవారు. పొడుగు పిడి ఉన్న చేతివల పట్టుకుని నేను పరుగెత్తేదాన్ని. మాటల్తో ఎన్ని విసుర్లు విసిరినా ఆ కేకకి మాత్రం నా ఒళ్ళు దానంతటదే లేచేది.

ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ బ్రష్షు వదిలేశారు. కింద పడ్డ బ్రష్షు వంక చూస్తూ నిలబడ్డారు. ఏమైందండీ అంటే నా వైపు తిరిగి నోరు తెరిచారు. మాట రాలేదు. మూతి ఒక పక్కకి జారింది.

ఆసుపత్రిలో త్వరగానే చూశారు. తలలో ఎడమవైపు రక్తం గడ్డకట్టిందన్నారు. కొన్నాళ్ళకి కర్ర పట్టుకుని నడిచారు. కుడిచెయ్యి సగం స్వాధీనంలోకి వచ్చింది. మాట మాత్రం రాలేదు. మనం అన్నదంతా ఆయనకి అర్థమవుతుంది, చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది, నోటిదాకా రాదు, అన్నారు డాక్టర్లు. ఒక్క 'అది' మాత్రం మిగిలింది. అన్నం అది, నీళ్ళు అది, నొప్పి అది. ఉద్యోగం పోయింది. మేం ఇక్కడ స్థిరపడినవాళ్ళం గనక దేశంలో ఉండనిచ్చారు. టాంపినీస్‌లో కాపురం ఉంటున్న మా అమ్మాయి ఊరంతా దాటుకుని రైల్లో వస్తూ పోతూ ఉండేది. ఆ నెలలు నేను నీళ్ళ అడుగున కూర్చుని పైన జరిగేది చూస్తున్నట్టు గడిచాయి. చప్పుళ్ళన్నీ దూరం నుంచి వినపడేవి.

మాటలు నేర్పించే అమ్మాయి ఒకామె ఉండేది క్లినిక్‌లో. చీనా పిల్ల, మంచి ఓపిక. బొమ్మలు చూపించి పేర్లు చెప్పించేది. ఒకరోజు నన్ను చూపించి, ఈమె ఎవరు, మీ భార్య పేరేమిటి అని అడిగింది. మా ఆయన నా వంక చూశారు. చూస్తూనే ఉన్నారు. పెదాలు కదల్లేదు. ఆ పిల్ల మొహంలో జాలి కనపడింది. భార్య పేరు కూడా పోయిందనుకుంది పాపం. నేను గబగబా చెప్పాను. పోవడానికి అది ఆయన నోట్లో ఎప్పుడూ లేదమ్మా, మాలో పేరు పెట్టి పిలవరు అని. ఆ పిల్ల తికమకపడి, మరి ఏమని పిలుస్తారు ఆంటీ అని అడిగింది. 'ఏమోయ్' అని చెప్పాను. అంతమందిలో ఆ మాట నా నోటితో నేనే అనుకుంటే సిగ్గేసింది.

అయితే అదే నేర్పిద్దాం అంది. నా ఫోటో ఒకటి పెద్దది చేయించి తెమ్మంది. ఫోటో బల్ల మీద పెట్టి, తన నాలుక తిరక్కపోయినా 'ఎమోయి, ఎమోయి' అంటూ ఆయన చేత అనిపించడానికి ఎంత పాటుపడిందో. మా ఆయన ఫోటో వంక ఒకసారి చూసి తల పక్కకి తిప్పుకున్నారు. ఎన్నిసార్లు పెట్టినా అంతే. ఎలా అంటారు? ఏమోయ్ అనేది పేరు కాదు. చూపించి అనేది కాదు. ఏదో కావలసి వచ్చినప్పుడు, మనిషి పక్కగదిలో ఉన్నప్పుడు, దానంతటది వచ్చేది. ఈ ముక్క నాకు అప్పుడు తట్టలేదు. తట్టిందల్లా ఒక్కటే భయం. ఇది మా మర్యాదా, లేక ఈయనకి నిజంగానే నేనెవరో తెలియడం లేదా? అది తేల్చి చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ భయంతో నేను మారిపోయాను. నన్ను ఎరిగున్నవాళ్ళు నమ్మరు గాని, నేను గొంతు పెంచడం మానేశాను. విసుక్కోవడం మానేశాను. ఆయన చూపు కూజా వైపు వెళ్ళేలోపు గ్లాసు చేతిలో పెట్టేదాన్ని. కళ్ళజోడు తుడిచి పక్కనే ఉంచేదాన్ని. దిండు జారకముందే సర్దేదాన్ని. లిఫ్టులో కలిసినవాళ్ళు ఆంటీకి ఎంత ఓపికో అని మెచ్చుకునేవారు. ఓపికా నా తలకాయా. ఒళ్ళంతా చెవులు చేసుకుని ఒక్క పిలుపు కోసం కాచుకుని ఉండేదాన్ని. ఆ పిలుపే వస్తే చాలు, ఇక జన్మలో పోట్లాడనని మొక్కుకున్నాను కూడా.

ఒక సాయంత్రం కాఫీ ఇచ్చాను. ఆయన కప్పు అందుకుని పక్కన పెట్టి, ఎడమచెయ్యి గుండెల దగ్గరికి తెచ్చుకుని, తలవంచి నాకు దణ్ణం పెట్టారు. ఆసుపత్రిలో నర్సులకి అలాగే పెట్టేవారు. ఇన్నేళ్ళ కాపురంలో నా చేతి కాఫీకి వంక పెట్టని రోజు లేదు. అలాంటి మనిషి కృతజ్ఞతగా, మర్యాదగా, పరాయి ఆడమనిషికి పెట్టినట్టు దణ్ణం పెట్టారు. వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి ఏడ్చాను. ఆయన తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

అప్పుడే రిజర్వాయర్‌కి తీసుకెళ్దామనుకున్నాను. నాకు తెలిసిన మనిషి ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడే ఉండాలి. ముందు క్లినిక్‌లో అడిగాను. మడత కుర్చీ తీసుకెళ్ళండి, అలసిపోనివ్వకండి, నీళ్ళ అంచుకి పోనివ్వకండి అన్నారు. ఎడమచేత్తో విసిరి, సగం వచ్చిన కుడిచేత్తో తిప్పుకోవడానికి వీలుగా రీలు పిడిని మార్పించాను. ఒక ఆదివారం తెల్లవారుతుండగా టాక్సీలో వెళ్ళాం.

మంచు అలాగే ఉంది. నిద్రగన్నేరు ఆకులు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. అంచుకి కాస్త వెనకగా కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆయన చెయ్యి నీళ్ళలో ముంచే వీలు లేదు గనక నేనే గొంతుక్కూర్చుని నా చెయ్యి ముంచి, గాజులు చూసి చెప్పాను. గాజుల మీది చుక్కలు కనపడుతున్నాయండీ అని. పెట్టె ఒళ్ళో పెట్టి తెరిచాను. ఆయన ఎడమచేతి వేలు ఆ గదుల మీద నెమ్మదిగా తిరిగింది. వేలు వెండి రంగు సన్నచేప మీద ఆగింది. సరిగ్గా అదే కట్టాలి. మనిషి లోపల ఉన్నాడు! దారం పెదాలతో తడిపి ముడి వేశాను. మొదటి విసురు నేనే విసిరి రాడ్ చేతిలో పెట్టాను. తర్వాతవి ఆయన కూర్చునే, ఎడమచేత్తో, దగ్గర్లోకే విసురుకున్నారు.

అలా చాలా ఆదివారాలు వెళ్ళాం. చేతికి వాటం కుదిరింది. మొహంలో కాస్త కళ వచ్చింది. అప్పుడప్పుడూ చిన్న చేపలు పడేవి. మాట మాత్రం లేదు. ఎండ ఎక్కాక దగ్గర్లోని తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో కూర్చుని కోపీ అనే ఇక్కడి కాఫీ తాగి ఇంటికి వచ్చేవాళ్ళం. ఆ కోపీకీ నాకొక దణ్ణం పెట్టేవారు.

ఒకసారి మా అమ్మాయి కూడా వచ్చింది. ఆ రోజు ఒక మోస్తరు చేపే పడింది. రాడ్ చివర వణకగానే నేను వల పట్టుకుని ఆయన పక్కన ఉన్నాను. ఆయన నోరు ఇంకా తెరవనేలేదు, చేప వలలో ఉంది. గాలం ఊడదీసి చేపని నీళ్ళలోకి వదిలేసి, ఆయన చెయ్యి తుడిచి, మంచినీళ్ళు నోటికి అందించాను. మా అమ్మాయి ఇదంతా చేతులు కట్టుకుని చూసింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన కొంచెం వెనక పడితే నాతో మెల్లగా అంది.

"అమ్మా, నాన్నకి మాటలెందుకు? యూ ఆర్ దేర్ వాట్." ఇక్కడి ఇంగ్లీషులో, నువ్వున్నావుగా అని.

నాకు ఎక్కడో కాలింది. కన్న కూతురు అనే మాటేనా అది? ఇంత చాకిరీ చేస్తుంటే. ఇంకో మాట కూడా అంది, అది ఇంకా మండింది. మీరిద్దరూ పోట్లాడుకోకపోతే ఈ ఇంట్లోకి రావాలంటే నాకు భయమేస్తోంది అని. ఆ వారం దాని ఫోను ఎత్తలేదు.

కానీ మాట లోపలికి దిగిపోయింది. బియ్యం కడుగుతుంటే అదే, బట్టలు ఆరేస్తుంటే అదే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అమ్మని మించిపోయి అడగకుండానే అన్నీ పెట్టేశాను. అడగాల్సిన అవసరం ఆయనకి నేను మిగల్చలేదు. బట్టలు ఆరేస్తూనే తలెత్తి చూస్తే అరలో ఆ పెట్టె కనపడింది. చేపకి నచ్చేది కట్టకూడదోయ్, అన్న మనిషి ఎవరు? ఇన్నాళ్ళూ మెత్తటివి, నచ్చేవి, చల్లటివి ఏరి ఏరి ఆయన ముందు వేశాను. ఒక్కటీ కొరకలేదు. తడి చేతులు చీరకి తుడుచుకుని పెట్టె దింపాను. మూల గదిలో ఎర్రటిది ఉంది. ఈకల కుచ్చు ఒక పక్కకి నలిగి ఉంటే నీళ్ళు చల్లి నిమిరి సరిచేశాను.

ఆ ఆదివారం గాలి లేదు. మంచు తొందరగా లేచిపోయింది. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, చెయ్యి ముంచితే గాజులే కాదు, గోళ్ళ అంచులు కూడా కనపడ్డాయి. వెండి సన్నచేపకే పుట్టిన ఉదయం అది. ఆయన వేలు కూడా నేరుగా దాని దగ్గరికే వెళ్ళింది.

నేను ఎర్రటిది తీశాను.

"అది," అన్నారాయన, వెండిదాన్ని చూపిస్తూ. విననట్టే ఊరుకుని దారం తడిపి ముడి బిగించాను. "అది, అది," అంటూ తల అడ్డంగా ఊపారు. నుదుటి మీద ముడత పడింది. ఆ ముడత చూసి ఎన్నాళ్ళయిందో! పాత గొంతు తెచ్చుకుని, కట్టేది నేను గనక నాకు నచ్చిందే కడతానన్నాను. రాడ్ చేతిలో పెట్టాను. కర్ర కుర్చీకి ఆనించాను. తర్వాత వల తీసుకుని, నడిచి వెళ్ళిపోయాను.

ఎక్కువ దూరం కాదు. దారి పక్కన ఒక నిద్రగన్నేరు చెట్టు కింద బల్ల ఉంది. దాని మీద ఆయనకి వీపు పెట్టి కూర్చున్నాను. వల ఒళ్ళో ఉంది. ఎదురుగా గడ్డి, గడ్డిలో మైనాలు, దూరంగా మా ఫ్లాట్ల లాంటి ఫ్లాట్లే ఇంకొన్ని, వాటి కిటికీల్లో ఎండ. చెట్టు ఆకులు అప్పుడే విచ్చుకుంటున్నాయి. నీళ్ళ వైపు నుంచి ఏమీ లేదు. విసరడం లేదు. అలిగి రాడ్ కింద పెట్టేశారా? లేచి నా కోసం వస్తూ జారితే? తిరిగి చూడాలని మెడ లాగుతోంది. వల పిడిని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు రీలు చప్పుడయింది. దూరంగా 'బుడుంగ్' అని పడింది. మళ్ళీ బుడుంగ్, బుడుంగ్. ఎర్రటిది నీళ్ళ మీద గంతులేస్తూ వస్తోంది. నా పెళ్ళికూతురు. కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే అంతా ఇంకా బాగా కనపడింది. ఆ తేట నీళ్ళు, అడుగున నాచు పక్కన చోటు కాచుకుని ఉన్న ఒక మొండి చేప, నెత్తి మీద సిగ్గూ ఎగ్గూ లేకుండా గంతులేస్తున్న ఎర్ర వస్తువు. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. కోయిల కూసి ఆపేసింది. ఎండ మోకాళ్ళ మీదికి వచ్చింది. నిద్ర పట్టిందేమో కూడా చెప్పలేను.

నీళ్ళలో బండరాయి వేసినట్టు పెద్ద చప్పుడయింది. రీలు కీచుమంది.

నా ఒళ్ళు లేవబోయింది. అదిమి పెట్టాను. రీలు అరుస్తూనే ఉంది. కుర్చీ కాళ్ళు రాయి మీద గీసుకున్నాయి. "అది," అన్నారు. "అది... అది..." ఊపిరి బరువుగా తీస్తున్నారు. దేవుడా, పడిపోతారేమో. ఇంకొక్క క్షణం చూసి లేచిపోదామనుకున్నాను.

"ఏమోయ్."

చిన్నగా, బొంగురుగా, చివర కొంచెం నలిగి వచ్చింది. అయినా అదే. వంటింట్లోంచి, పక్కగదిలోంచి, నిద్రలోంచి ఇన్నేళ్ళు విన్నదే. గడ్డి, మైనాలు, కిటికీలు అన్నీ నీళ్ళయిపోయి కనపడకుండా పోయాయి.

లేచానా? లేవలేదు. ఆశ అంత చెడ్డది. ఒకసారి వచ్చింది పొరపాటున వచ్చిందేమోనని, నాకు కాదేమోనని, ఇంకొక్కసారి వినాలని అలాగే కూర్చున్నాను.

"ఏమోయ్! వల!"

ఈసారి అందులో విసుగుంది. అచ్చంగా నా మీదే ఉంది ఆ విసుగు. వల పట్టుకుని పరుగెత్తాను. చెప్పు ఒకటి దారిలోనే ఉండిపోయింది. ఆయన లేచి నిలబడి ఉన్నారు, కర్ర లేకుండా, తుంటి కుర్చీకి ఆనించి, ఎడమచేత్తో రాడ్ ఎత్తిపట్టి. గట్టు పక్కన నీళ్ళలో చేప పొర్లింది. అంత పెద్దదాన్ని మేం ఎప్పుడూ పట్టలేదు. బంగారం, నల్ల చారలు, తోక మీద ఆ కన్ను, నోటికి అడ్డంగా నా ఎర్రటిది. వల చాచాను. అంచు దాని ఒంటికి తగిలేలోపు ఒక్కసారి తల విదిలించింది. ఎర్రటిది ఎగిరి వచ్చి రాతి గట్టు మీద పడింది. చేప అడుగుకి దిగి వెళ్ళిపోయింది. తేట నీళ్ళు గనక చాలా దూరం కనపడింది వెళ్తూ.

నేను ఒక చేత్తో ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టాను. ఇద్దరికీ ఆయాసం. ఆయన ఖాళీ వల వంక చూశారు. నా వంక చూశారు. దణ్ణం పెట్టే మొహం కాదది. ఎర్రబడిపోయి, కనుబొమలు ముడిపడి, ఆలస్యంగా వచ్చిన పెళ్ళాం వంక మొగుడు చూసే చూపు.

"నీకు," అన్నారు. ఆగారు. పెదాలు వెతుక్కుంటున్నాయి. "నీకు... బుద్ధి..."

తర్వాతి ముక్క నా నాలుక చివరి దాకా వచ్చింది. అందించాలని ఒళ్ళంతా లాగింది. మింగేసి, నోరు మూసుకుని, ఆయన మొహం వంకే చూస్తూ నిలబడ్డాను. ఒక కాలికి చెప్పు లేదు, రాయి చల్లగా తగులుతోంది. ఎంతసేపయినా సరే అనుకున్నాను.

"ఉందా?"

"లేదండీ," అన్నాను.